ఇటుకబట్టీ మీద కొంగగూడు

వెల్చో తలుపు తట్టలేదు, తోసుకొచ్చాడు. మార్చి గాలికి చెంపలు కందిపోయాయి, టోపీ చేతిలో నలుగుతోంది.

"అమ్మా, ఇవాళ పన్నెండింటికి నా చెర్రీ తోట పోతుంది," అన్నాడు.

డిటెక్టివ్ దఫీనా కరోవా అతనికి కుర్చీ చూపించి, జున్ను పొరల రొట్టె పళ్లెం ముందుకు జరిపింది. ఇరవై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. ఖాళీ కడుపుతో ఎవడూ విషయం సరిగ్గా చెప్పడని ఆమె నమ్మకం. సహాయకుడు లూబెన్ పుస్తకం తీశాడు. బస్సు నడపడం మాని ఆమె దగ్గర చేరి మూడేళ్లయినా, ఆమె ప్రశ్న వేయబోతుంటే అతను ఇంకా బడిపిల్లాడిలా నిటారుగా కూర్చుంటాడు.

వెల్చో చెప్పింది ఇదీ. చుట్టుపక్కల ఊళ్ల చెత్తంతా దింపి, పెద్ద లారీలకెక్కించి పంపే కేంద్రమొకటి కట్టాలని పురపాలక సంఘం అనుకుంది. మూతపడ్డ ఇటుకబట్టీ ఆవరణ ఖాయమైంది. అంతలో బట్టీ పొగగొట్టం మీద కొంగల జంట గూడు పెట్టిందని నివేదిక వచ్చింది. కొంగ కాపురమున్న చోట గడ్డపార వేయకూడదు, అది చట్టం. దాంతో రెండో స్థలం ఓటుకొచ్చింది. వెల్చో తండ్రి నాటిన నలభై చెట్ల తోటే ఆ రెండో స్థలమని నిన్న సాయంత్రం దాకా ఎవరికీ తెలియదు.

"నివేదిక రాసింది ఇంజనీరు గెంచెవ్. పోయినేడు వాడి కారు నా కంచెను గుద్దితే నాలుగు మాటలన్నాను. అది మనసులో పెట్టుకున్నాడమ్మా."

బట్టీకి వెళ్లే దారంతా లూబెన్ ఆకాశం చూస్తూనే నడిచాడు. అక్కడి ఆచారం ప్రకారం మార్చి ఒకటిన మణికట్టుకు కట్టుకున్న ఎరుపు తెలుపు దారాన్ని తొలి కొంగ కనబడ్డాకే విప్పి, పూసిన చెట్టుకు కట్టాలి. ఈసారి కొంగలు ఆలస్యం చేశాయి, అతని దారం మాసి తాడైపోయింది.

"కింద చూసి నడువు నాయనా," అంది దఫీనా. "కాలు విరిగితే కట్టు కట్టడానికి ఆ దారం చాలదు."

బట్టీ కాపలాదారు మించోకు డెబ్బై రెండేళ్లు. నలభై ఏళ్లుగా గేటు పక్క గదిలోనే ఉంటున్నాడు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, పొయ్యి మీది కెటిల్ దించాడు.

"కొంగల్ని నువ్వే చూశావా మించో అన్నా?"

"మంగళవారం పొద్దున్న. జంట. ఈ కళ్లతోనే చూశా."

"ఇప్పుడేవీ మరి?"

"మేతకు పోయాయి. నాకేమన్నా చెప్పి పోతాయా?"

టీ పోస్తుంటే అతని చేతి దారం జారి ఆవిరికి తడిసింది. పైకి తోసుకుని, గ్లాసులు అందించాడు.

దఫీనా గొట్టం చుట్టూ తిరిగింది. కింద ఇటుకల మీద ఒక్క రెట్ట మరక కూడా లేదు. రాలిన పుల్లలు రెండు ఏరి, చివరలు వేలితో తడిమి సంచిలో వేసుకుంది. లూబెన్‌కు మాత్రం బురదలో కారు చక్రాల గుర్తులు కనబడ్డాయి. ఇంజనీరు దొరికాడని అతను సంబరపడ్డాడు.

పదకొండున్నరకు మేయరు రుసాలినా ముందు అందరూ చేరారు. దఫీనా అడగ్గా మించో కూడా వచ్చాడు.

"మేడమ్, చక్రాల గుర్తులు," అని లూబెన్ గుసగుసలాడాడు.

"స్థలం చూడ్డానికొచ్చిన ఇంజనీరు ఎగిరొస్తాడా?" అని, దఫీనా గెంచెవ్ వైపు తిరిగింది. "మీరు పక్షిని చూశారా?"

"గూడు చూశాను. పక్షుల్ని చూసిన మనిషి మాట రాశాను."

దఫీనా పుల్లలు బల్ల మీద పెట్టింది. "చివర ఏటవాలు కోత చూడండి. కొంగ పుల్ల ఏరుకుంటుంది గానీ కత్తెర పట్టదు. బెరడు చెర్రీది. వెల్చో, నీ తోటలో కత్తిరించిన కొమ్మలేం చేస్తావు?"

"మించోకి ఇస్తానమ్మా, పొయ్యిలోకి. ఏటా వాడే వచ్చి నాతో కలిసి కత్తిరిస్తాడు..." వెల్చో మాట మధ్యలోనే ఆగిపోయింది.

"మించో అన్నా, చేయి చాపు."

ముసలాయన చాపాడు. మణికట్టుకు ఎరుపు తెలుపు దారం.

"మంగళవారం కొంగను చూసినవాడి చేతికి గురువారం ఈ దారమేమిటి? సంఘానికి అబద్ధం చెప్పావు. కొంగకు చెప్పలేకపోయావు."

మించో తల వంచుకున్నాడు. "వెల్చో భార్య కట్టింది. కొంగను చూడకుండా ఎలా విప్పను? నా గది కూల్చేస్తారనుకుని, గొట్టానికున్న ఇనుప నిచ్చెనెక్కి ఆ గూడు నేనే పెట్టా. కొంగ ఉందంటే ఊరు ఈ గొడవే మర్చిపోతుందనుకున్నా. ఒరే వెల్చో, నీ తోట మీదికొస్తుందని తెలిస్తే ఈ చేతులు విరగ్గొట్టుకునేవాణ్ణిరా."

"విరగ్గొట్టుకుంటే వచ్చే ఏడు కొమ్మలెవడు కొడతాడు?" అన్నాడు వెల్చో. "గది పోతే మా ఇల్లు లేదా, ముసలాడా?"

మేయరు నక్షా పరిచింది. కాపలా గది అలాగే ఉంది, పక్కన 'కాపలాదారు' అని రాసి ఉంది. "ఈ ముక్క ఆయనకెవరూ చెప్పలేదా?"

"ఆయన అడగలేదు," అన్నాడు గెంచెవ్.

"మీరు చెప్పనూ లేదు," అంది మేయరు.

పన్నెండింటికి బట్టీకే ఓట్లు పడ్డాయి. మించో మర్నాడే గూడు దించి, వెల్చో తోటలో స్తంభం మీద బిగించాడు.

ఏప్రిల్ మొదటి వారంలో కబురు రాగానే దఫీనా, లూబెన్ పరుగున వెళ్లారు. గూట్లో ఎర్రకాళ్ల కొంగ ఒకటి, అద్దెకు దిగిన మనిషిలా పుల్లలు సర్దుకుంటోంది. మించో దారం విప్పుకున్నాడు. చుట్టూ పూసిన చెట్లను చూశాడు గానీ, ఏ కొమ్మ మీదా చేయి వేయలేకపోయాడు.

"దేనికి కట్టనురా?" అన్నాడు.

"నలభై ఉన్నాయి," అన్నాడు వెల్చో. "నీకు నచ్చినదానికి కట్టు."