పంటి బిగువు

"కట్! ఎవరండీ లోపల టిక్కు టిక్కుమంటున్నది?"

హెడ్‌ఫోన్లలో ఆ గొంతు వినబడగానే చిట్టి ఉలిక్కిపడింది. డబ్బింగ్ గదిలో ఆమె తప్ప పురుగు కూడా లేదు. ఫ్యాను ఆపేశారు. చేతి గాజులు ముందే తీసి బ్యాగులో పడేసింది. ఫోను బయటే వదిలేసింది.

"నేను కాదండీ."

"మరి మైకు దానంతటదే టిక్కుమంటోందా? పెన్నేమైనా నొక్కుతున్నారా?"

"పెన్నే లేదు."

"అయితే కుర్చీ."

"నిలబడే ఉన్నానుగా, అద్దంలోంచి కనబడ్డం లేదా?"

అద్దం అవతల ఉన్న సౌండ్ ఇంజనీరు ఆ వారమే చేరాడు. హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చుకుని లోపలికొచ్చాడు. స్టాండు ఊపాడు, వైరు లాగాడు. చివరికి ఆమె ఎదురుగా నిలబడి, "ఏదీ, ఒకసారి నోరు తెరవండి" అన్నాడు.

"మీరేమన్నా పళ్ళ డాక్టరా?" అనడానికి ఆమె నోరు తెరిచింది.

టిక్.

ఇద్దరికీ వినబడింది. చప్పుడు ఆమె చెవి ముందు నుంచి, దవడ కీలులోంచి వచ్చింది.

"దొంగ దొరికాడు" అన్నాడతను, పడీ పడీ నవ్వుతూ.

చిట్టి మొహం జేవురించింది. ఆ రోజు మిగిలిన డైలాగులన్నీ కోపంగానే చెప్పింది. అవి ఓ పనిమనిషి ప్రేమ డైలాగులు కావడం వేరే సంగతి.

అప్పట్నించి అతను ఆమెను "టిక్కుగారూ" అని పిలిచేవాడు. ఆమె అతనికి "చెవులబ్బాయి" అని పేరు పెట్టింది. గారు తగిలించే మర్యాద కూడా ఇవ్వలేదు.

ఎన్నో ఏళ్ళుగా చిట్టి తెరమీద చెల్లెళ్ళకీ, పనిమనుషులకీ, గుంపులో అరిచే ఆడవాళ్ళకీ గొంతు ఇస్తోంది. పిలిచినప్పుడు పరుగెత్తుకు వెళ్ళడం, వద్దన్నప్పుడు నవ్వుతూ తిరిగి రావడం అలవాటైపోయింది. లోపల ఎంత మండినా పంటి బిగువున ఓర్చుకునేది. రాత్రి నిద్రలోనూ ఆ పళ్ళు వదిలేవి కావు.

"రాత్రంతా కంకర నలగ్గొట్టినట్టు ఏంటే ఆ నూరుడు? ఎవర్నే అంత కసిగా నములుతున్నావ్?" అనేది పక్క మంచంలో పడుకునే తల్లి.

"చెవులబ్బాయినమ్మా."

"అయితే కడుపు నిండే ఉంటుంది, ఇంక ఆపు!"

ఒక సాయంత్రం పెద్ద వాన పట్టుకుంది. స్టూడియో మెట్ల దగ్గర రేకుల పంచ కింద ఇద్దరూ ఇరుక్కుపోయారు. చినుకులు పక్కనుంచి వచ్చి ఇద్దర్నీ దగ్గరికి నెట్టాయి. అతను బ్యాగులోంచి బ్రెడ్డు తీసి సగం ఇచ్చాడు. ఆమె నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. దవడ అంతకు మించి తెరుచుకోవడం లేదు.

అతను ఆ ముక్కని చిన్న చిన్న తునకలు చేసి మళ్ళీ ఆమె చేతిలో పెట్టాడు.

"నొప్పి ఎన్నాళ్ళుగా?"

"నువ్వు నవ్వడం మొదలెట్టకముందు నుంచీ."

"క్షమించు. ఆ రోజు నాకు తెలీదు."

"మీరు" ఎప్పుడు "నువ్వు" అయిందో ఇద్దరూ గమనించలేదు.

పళ్ళ డాక్టరమ్మ ఆమె బుగ్గల మీద వేళ్ళు పెట్టి, "గట్టిగా కొరకండి" అంది. కొరికితే కండరం రాయిలా లేచింది. రాత్రిపూట పళ్ళకి తొడుక్కోమని అంతకుముందు ఇచ్చిన తొడుగుని చిట్టి అప్పటికే కొరికి చిల్లు పెట్టింది.

"ఈ కండరంలోకి ఇంజెక్షన్ ఇస్తే కొన్ని నెలలు సడలుతుంది. నొప్పి తగ్గుతుంది. మీ అలవాటును మాన్పించదు, దవడకి కాస్త ఊపిరి ఇస్తుందంతే" అంది డాక్టరమ్మ. "ఒకటి గుర్తుపెట్టుకోండి. కొందరికి కొన్ని వారాలు నవ్వు సరిగ్గా విచ్చుకోదు, ఓ పక్కకి పోతుంది. తర్వాత సర్దుకుంటుంది. ముఖ్యమైన పనులుంటే చూసుకుని రండి."

చిట్టి కుర్చీలోంచి లేచిపోయింది. ముఖ్యమైన పని ఉంది మరి! తొలిసారి ఆమెకు కథానాయిక గొంతు దక్కింది. ఆ పిల్ల సినిమా అంతా నవ్వుతూనే ఉంటుంది.

"రికార్డింగ్ డేట్ సంగతి నాకొదిలెయ్" అన్నాడు చెవులబ్బాయి. "డైరెక్టర్‌తో నేను మాట్లాడతా. కొన్నాళ్ళు జరిపితే ఆకాశమేం ఊడిపడదు."

"నిజంగా మాట్లాడతావా?"

"నొప్పితో బ్రెడ్డు కూడా తినలేని మనిషికి అబద్ధమాడి సూది పొడిపిస్తానా?"

అతన్ని తోడు తీసుకెళ్ళి ఆమె పొడిపించుకుంది.

కొన్ని రోజులకి నొప్పి మెల్లగా జారిపోయింది. తల్లి పొద్దున్నే మొహం వేలాడేసుకుని కూచుంది. "చప్పుడు లేకపోయేసరికి నిద్రే పట్టలేదే. ఊపిరుందో లేదోనని నీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను."

చిట్టి నవ్వింది. నవ్వు ఎడమ పక్కన మాత్రమే వచ్చింది.

"సగం నవ్వుకే నా గతి ఇలా అయింది" అన్నాడు చెవులబ్బాయి స్టూడియోలో అది చూసి. "మొత్తం నవ్వితే ఏమైపోతానో!"

"డైరెక్టర్‌తో చెప్పావా?"

"చెప్తాలే."

మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు. చివరికి రికార్డింగ్ పాత తేదీకే ఉందని స్టూడియో నుంచి కబురు వచ్చింది. చిట్టి వెంటనే అతనికి ఫోన్ చేసింది.

"ఆయన మూడ్ బాలేదు" అన్నాడతను ఫోన్‌లో. "నువ్వు చేసేస్తావ్. నీ గొంతు నాకు తెలీదా?"

మాటలన్నీ బాగానే పలికాయి. నవ్వు దగ్గరే అంతా చెడింది. పెదవులు విడివడక, నవ్వు గొంతులోనే దగ్గులా ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ దగ్గే.

"ఏమైందమ్మా నీకు?" అన్నాడు డైరెక్టరు.

"దవడ నొప్పికి ఇంజెక్షన్ చేయించుకున్నాను సార్. కొన్నాళ్ళు టైమిస్తే..."

"ఆ ముక్క ముందు చెప్పొద్దా? ఇప్పుడా చెప్పేది?" ఆయన పక్కకి తిరిగాడు. "నీకు తెలుసా ఈ సంగతి?"

చిట్టి అద్దంలోంచి చూసింది. చెవులబ్బాయి ఎదురుగా ఉన్న మీటల మీదికి వంగాడు.

"తెలీదు సార్."

ఆ రెండు మాటలూ హెడ్‌ఫోన్లలో ఆమెకు స్పష్టంగా వినబడ్డాయి. కావాలంటే అతని బండారం అప్పుడే బయటపెట్టగలదు. కానీ హెడ్‌ఫోన్లు తీసి కొక్కేనికి తగిలించి బయటికి నడిచింది. సాయంత్రానికల్లా ఇంకో అమ్మాయి వచ్చి గలగలా నవ్వేసి వెళ్ళింది.

"కొత్త ఉద్యోగం... భయపడ్డాను" అని అతను పంపిన సందేశాలకి చిట్టి జవాబివ్వలేదు.

ఆమె నవ్వు తనంతట తాను సర్దుకుంది. నెలలు గడిచాక మందు పట్టు తగ్గి, దవడ మళ్ళీ బిగిసింది. ఈసారి డాక్టరమ్మ దగ్గరికి ఒక్కతే వెళ్ళొచ్చింది. స్టూడియో పిలుపులు తగ్గిపోయాయి. చూపు లేని పిల్లల కోసం పాఠాలు చదివి రికార్డు చేసే చోట పని దొరికింది. సినిమా విడుదలై, కథానాయిక నవ్వుని అందరూ మెచ్చుకున్నారు.

ఒక రోజు పని ముగించుకుని బయటికొస్తే, గేటు దగ్గర తడుస్తూ చెవులబ్బాయి. చేతిలో గొడుగుంది. తెరవడం మర్చిపోయినట్టున్నాడు.

"నిజం చెప్పేశాను. నాకు ముందే తెలుసని, నేనే చెప్పలేదని, డైరెక్టర్‌తో."

"ఏమన్నారు?"

"నవ్వేసి, పాత సంగతి వదిలెయ్యమన్నారు."

"ఇప్పుడు ఆయన నవ్వేసి వదిలేసే మాటే అది" అంది చిట్టి. "ఆ రోజు చెప్పుంటే నాకు అక్కరకొచ్చేది."

"తప్పే. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటా. నువ్వంటే ప్రాణం. మా అమ్మతో కూడా చెప్పాను. పెళ్ళి చేసుకుందాం."

ఎన్ని రోజులు ఎదురుచూసిన మాట! వింటుంటే గుండె అటే లాగుతోంది. అతని జుట్టు మీంచి నీళ్ళు కారుతుంటే, తుడవాలని చెయ్యి దాదాపు లేచింది కూడా.

"రేపు మీ వాళ్ళెవరో నన్ను నిలదీస్తారు. నేను నీ వైపు చూస్తాను. నువ్వప్పుడు ఎటు చూస్తావో నాకు తెలీదు. తెలీకుండా నేనుండలేను."

"ఒక్క తప్పుకేనా చిట్టీ?"

ఆమెను అతను ఆ పేరుతో పిలవడం అదే మొదలు. ఆమె అతని చేతిలోని గొడుగు తీసి, తెరిచి, మళ్ళీ అతని చేతికే ఇచ్చింది. తర్వాత వానలోనే బస్సు దగ్గరికి నడిచింది.

ఇంట్లో తల్లి తువ్వాలు అందిస్తూ మొహంలోకి చూసింది. "ఆ అబ్బాయి ఇక్కడికొచ్చి వెళ్ళాడు. నీ పని చోటు నేనే చెప్పా. ఏమన్నావే?"

"వద్దన్నాను."

"మరి ఆ ఏడుపేంటి? ఇష్టం లేదా?"

"ఇష్టం లేకపోతే సరే అనేదాన్నేమో అమ్మా. అతను ఎటు చూసినా నాకు పట్టేది కాదు."

తల్లి చిట్టి తల ఒడిలోకి తీసుకుని, తడి జుట్టు ఆరేదాకా తుడుస్తూ కూచుంది.