రెటీనా పరీక్షలో కాపీ

కంటి ఆసుపత్రి చీకటి గదిలో ఆ రోజు పట్టుబడ్డవాడు ఇరవై ఎనిమిదేళ్ళ లిఫ్టు మెకానిక్కు. చేసిన నేరం, వాళ్ళ అమ్మమ్మ భుజం మీద వేలితో తట్టడం.

అమ్మమ్మ దర్జీ. బట్టలు కుట్టి అతన్ని పెంచింది. ఇప్పుడు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి పాలలా తెల్లబడ్డాయి. పొర అంత మందంగా ఉంటే దాని వెనకున్న రెటీనా డాక్టరుకు కనిపించదు. అది పనిచేస్తోందో లేదో ఆపరేషన్‌కు ముందే తేల్చాలి. ఆ తేల్చే పని టెస్టు గదిలో ఉండే అమ్మాయిది.

ఆమె అమ్మమ్మ ఎడమ కన్ను మూసి, కుడి కంటికి ఒక్కో పక్క నుంచి టార్చి వేసింది.

"వెలుతురు ఎటు నుంచి వస్తోంది అమ్మమ్మగారూ?"

"పైనుంచి."

"ఇప్పుడు?"

"కుడి పక్క... కాదు కాదు, ఎడమ."

ఆ తర్వాత నాలుగు జవాబులూ ఠకఠకా సరిగ్గా వచ్చాయి. అయిదోసారి ఆమె వెలుతురు కంటికి తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, టార్చిని కిందికి దించింది.

"కిందనుంచి," అంది అమ్మమ్మ ధీమాగా.

గదిలో లైటు వెలిగింది.

"టెస్టు మీ అమ్మమ్మగారి కంటికా, మీ వేలికా?"

"భయపడుతోందని ధైర్యం చెప్తున్నాను మేడం."

"భుజానికి నాలుగు పక్కలా తట్టి జవాబులు చెప్తున్నారు. బయట కూర్చోండి."

కూర్చున్నాడు. పది నిమిషాలకు ఆమె బయటికి వచ్చింది. ముఖంలో కోపం లేదు. అసలు ఏమీ లేదు.

"ఎందుకలా చేశారు?"

"తప్పు చెబితే ఆపరేషన్ చెయ్యరేమోనని."

"రెటీనా పనిచెయ్యకపోతే పొర తీసినా చూపు రాదు. ఉన్న ఆశ కూడా పోతుంది. అప్పుడు భుజం తడితే సరిపోతుందా?"

"తప్పయిపోయింది. ఊరికే కుట్టు మిషను దగ్గర కూర్చుని చక్రం తిప్పుతూ ఉంటుంది మేడం. గుడ్డ ఉండదు, దారం ఉండదు. ఆ చప్పుడు వినలేక..."

ఆమె టెస్టు గది తలుపు తెరిచింది.

"లోపలికి రండి. చేతులు కట్టుకుని నిలబడండి."

మళ్ళీ మొదటి నుంచి పరీక్ష. కుడి కన్ను నాలుగు పక్కలా సరిగ్గా చెప్పింది. ఎడమ కన్ను ముక్కు వైపు నుంచి వచ్చిన వెలుతురును రెండుసార్లు తప్పుగా చెప్పింది. మనవడు పెదవి కొరుక్కున్నాడు గానీ కట్టుకున్న చేతులు విప్పలేదు.

తర్వాత ఆమె కుడి కంటి ముందు గీతలున్న ఎర్ర అద్దం పెట్టి, దాని వెనక దీపం చూపించింది.

"ఎర్ర గీత కనిపిస్తోందా? మధ్యలో ఎక్కడైనా తెగిందా?"

"తెగలేదమ్మా. కుట్టు సాఫీగా ఉంది."

చివరగా, మూసిన రెప్ప మీద చిన్న దీపం ఆనించి మెల్లగా కదిపింది.

"ఎండుకొమ్మల చెట్టులాంటిదేదో ఉందే!" అంది అమ్మమ్మ.

"మీ కంట్లో రక్తనాళాలే అవి. కనిపించడం మంచి గుర్తు."

"ఇన్నేళ్ళూ కంట్లో చెట్టు పెట్టుకుని తిరుగుతున్నానా!"

"కుడి కంటికి ఆశ బాగా ఉంది. ఎడమ కన్ను సంగతి స్కాన్ చేశాక డాక్టరుగారు చెప్తారు," అంది ఆమె, బస్సు నంబరు చదివినట్టు. ఆ మాట విన్నాకే మనవడు ఆమె ముఖాన్ని సరిగ్గా చూశాడు. చూశాక తల తిప్పుకోవడం కష్టమైంది.

ఆపరేషన్ అయింది. కుడి కంటికి చూపొచ్చింది. ఆ తర్వాత రెండు వారాల్లో అమ్మమ్మ ఆసుపత్రికి రెండుసార్లు వచ్చింది. మనవడు ఏడుసార్లు వచ్చాడు. చుక్కల మందు రోజుకు ఎన్నిసార్లు వెయ్యాలని ఒకసారి, చెప్పింది మరిచిపోయానని ఇంకోసారి. ఒకనాడు వానలో నిలువునా తడిసి వచ్చి, ఆసుపత్రి లిఫ్టు చప్పుడు చేస్తోందన్నాడు.

"మాది ఒకటే అంతస్తు," అంది ఆమె. "లిఫ్టు లేదు."

ఎనిమిదోసారి అమ్మమ్మను వరండాలో కూర్చోబెట్టి, ఒక్కడే లోపలికి వెళ్ళాడు.

"మీరంటే నాకిష్టం."

ఆమె కాగితం దగ్గరికి లాక్కుంది. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఇరవై రెండు రోజులు."

"నిద్ర పడుతోందా?"

"లేదు."

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"అమ్మమ్మకుంది. నాకన్నా బాగా ముదిరింది."

కలం ఆగింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ముఖం మాత్రం మారలేదు.

"నాకూ ఉంది," అంది. "ఆ రోజు మీ అమ్మమ్మగారు తప్పు చెప్తున్నా మీరు చేతులు కట్టుకుని నిలబడ్డారు చూడండి, అప్పటి నుంచి. ఆదివారం అమ్మని తీసుకుని మీ ఇంటికొస్తాను."

అతను బయటికి వచ్చేసరికి చొక్కా తడిసి ఉంది. వాన లేదు.

"ఏమందిరా?" అంది అమ్మమ్మ.

"ఆదివారం ఇంటికొస్తానంది. వాళ్ళమ్మ కూడా."

అమ్మమ్మ కళ్ళు తుడుచుకోబోయి, రుద్దొద్దని డాక్టరు చెప్పింది గుర్తొచ్చి చెయ్యి దించేసింది. లేచి చీర సర్దుకుంది.

"అయితే పద, వంటగది కడగాలి. రోజూ కడుగుతున్నానని నువ్వంటుంటే ఏడాదిగా నమ్మాను. పొగ తగలొద్దన్నారని ఇన్నాళ్ళూ అటు పోలేదు గానీ, నిన్ననే చూశాను."