ప్రెసిడెంట్ ఎడమవైపు

డాక్టర్ స్ట్రోడ్ శవం డైనింగ్ కోచ్‌లో, కిటికీ పక్క సీట్లో దొరికింది. ముందున్న కాఫీ ఇంకా పొగలు కక్కుతోంది. మెడ మీద, కాలర్‌కి కాస్త పైన, సూది గుచ్చినంత ఎర్రటి చుక్క. ఆయన క్షణం కూడా వదలని మందుల సంచీ మాయమైంది.

డార్సీ క్విలెన్ ఆ కోచ్ తలుపు బిగించి, కాపలా పెట్టించి, నేరుగా చివరి కోచ్‌కి నడిచాడు. రైల్లో అందరికీ అతను ప్రెసిడెంట్ ఆరిన్ హాల్డేన్ కోటూ టోపీ చూసుకునే నౌకరు. అతను గూఢచారి అని తెలిసింది ప్రెసిడెంటుకీ, మరొక్కరికీ మాత్రమే.

ఎన్నికల ప్రచార రైలు ఒహాయో మొక్కజొన్న చేల మధ్య దూసుకుపోతోంది. ప్రెసిడెంట్ అద్దం ముందు టై సరిచేసుకుంటున్నాడు.

"స్ట్రోడ్‌ని చంపేశారు సార్. సంచీ పట్టుకుపోయారు."

హాల్డేన్ చేతులు టై మీదే ఆగిపోయాయి. ఆ సంచీలో ఉన్నది ఆయన కంటి మందులు. ఎడమ కంటి చూపు పోయి నాలుగేళ్లయింది. భార్యకీ, డాక్టరుకీ, క్విలెన్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. రెండు కళ్ళూ బాగున్నాయని దేశాన్ని నమ్మించే ఆయన గెలిచాడు.

"రేపు పేపర్లకి ఎక్కిస్తారు. అంతేగా?"

"అదే అయితే డాక్టర్ని చంపరు సార్. బతికుంచి మాట్లాడిస్తారు. వాళ్ళకి కావాల్సింది వార్త కాదు, మీరు. మార్లో జంక్షన్‌లో సభకి ఆగొద్దు."

"ఆగకపోతే ఒహాయో ఓట్లు పోయినట్టే."

"అయితే నన్ను మీ ఎడమ పక్కన నిలబడనివ్వండి."

"ప్రెసిడెంట్ భుజం పక్కన నౌకరా? ఫొటోగ్రాఫర్లేమైనా గుడ్డివాళ్ళా? ఈ రైల్లో గుడ్డివాణ్ణి నేనొక్కణ్ణే. అదీ సగం." నవ్వబోయి మానేశాడు. "తలుపు దగ్గరే ఉండు. ఇది నా ఆర్డరు."

క్విలెన్ బయటికొచ్చాడు. కారిడార్లో ఎర్ర టోపీ, పట్టు చేతితొడుగులు. ఆ రెండో మనిషి ఆమే. ప్రచారానికి వెంట వచ్చిన గాయని మార్తా వెల్డెన్. రేడియోలో ఆమె పాట వస్తే దేశమంతా పనులు మానేసి వింటుంది. రెండేళ్లుగా ఆమె విదేశీ ముఠాలో చేరి, వాళ్ళ సంగతులు క్విలెన్ ఆఫీసుకి చేరవేస్తోంది. అయితే ఆమె ఎవరి మనిషో ఇప్పుడు ఆఫీసుకే అనుమానం. ఆమెని నమ్మొద్దని నిన్ననే హెచ్చరిక వచ్చింది.

"అగ్గిపెట్టె ఉందా?"

"వానలో తడిసింది," అన్నాడు క్విలెన్. కోడ్ సరిపోయింది.

ఆమె గొంతు తగ్గించింది. "సంచీలో మందులు చూసి ఎడమ కన్ను సంగతి పసిగట్టేశారు. స్టేషన్లో కుడివైపు గొడవ లేస్తుంది. అందరూ అటు చూస్తారు. దెబ్బ ఎడమనించి వస్తుంది. కళ్ళు రెండూ ఉన్నవాడైతే ఓరకంట చూసి తప్పుకుంటాడు. ఈయన తప్పుకోలేడు."

"ఎవడు వాడు?"

"తెలీదు. వాడి మొహం నాకెప్పుడూ చూపించలేదు."

"కుడివైపు నేను లేకుండా చెయ్యడానికి ఇది నువ్వాడే నాటకమైతే?"

"అనుకో. నీ చోట నేనుంటే నన్ను నమ్మను." వెలిగించని సిగరెట్‌ని ఆమె రెండుగా విరిచి పారేసింది. "స్ట్రోడ్‌ని చంపుతారని నాకు తెలీదు, డార్సీ. ఒట్టు."

రైలు వేగం తగ్గింది. బ్యాండు మోత మొదలైంది.

మార్లో జంక్షన్ జనంతో కిటకిటలాడుతోంది. హాల్డేన్ చివరి కోచ్ వెనక వరండాలో మైకు ముందు నిలబడి గోధుమ ధరల గురించి మాట్లాడుతున్నాడు. క్విలెన్ తలుపులో, చేతిలో ప్రెసిడెంట్ టోపీతో. కుడిమెట్ల దగ్గర అంగరక్షకులు. ఎడమమెట్ల మీద రైలు గార్డు, చుట్టిన పచ్చజెండాతో. క్విలెన్ చూపు ఒకచోట నిలవడం లేదు. కుడి. ఎడమ. మళ్ళీ కుడి. మార్తా అబద్ధమాడి ఉంటే?

ఢామ్మని పేలింది. కుడివైపు పాప్‌కార్న్ బండి మీంచి నల్లటి పొగ. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. అంగరక్షకులు అటు ఉరికారు. ప్రెసిడెంట్ అటు తిరిగాడు. క్విలెన్ కాలు కూడా అటే కదిలింది.

బలవంతాన ఆపుకుని ఎడమకి చూశాడు.

గార్డు పొగవైపు చూడటం లేదు. స్టేషన్లో అటు చూడనివాడు వాడొక్కడే. వాడి చూపు ప్రెసిడెంట్ మెడ మీద ఉంది. జెండా కర్ర పైకి లేచింది. దాని కొసన సన్నటి సూది తళుక్కుమంది.

క్విలెన్ ఒక్క దూకు దూకి టోపీని అడ్డం పెట్టాడు. సూది టోపీలోంచి దూసుకొచ్చి అతని అరచేతికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. అదే ఊపులో వాణ్ణి భుజంతో గుద్దాడు. ఇద్దరూ పట్టాల పక్క కంకర మీద పడ్డారు. అంగరక్షకులు వచ్చి పట్టుకునేసరికి వాడి పెట్టుడు మీసం సగం ఊడి వేలాడుతోంది.

"ఏమైంది? ఎవడు వాడు?" హాల్డేన్ అరిచాడు. "నాకేం కనబడలేదు!"

ఆ మాట మైకులోంచి స్టేషనంతా మోగింది. ఆయన గొంతు ఆయనకే వినపడింది.

జనం తలలన్నీ ఆయనవైపు తిరిగాయి. పొగ అడ్డొచ్చిందని ఒక్క ముక్క అంటే సరిపోయేది. క్విలెన్ కంకర మీంచి ఆయన్నే చూస్తున్నాడు. హాల్డేన్ వరండా కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు.

"నా ఎడమ కన్ను కనబడదు," అన్నాడు. "నాలుగేళ్ల నుంచీ. మీకు చెప్పలేదు. చెబితే ఓటెయ్యరని భయపడ్డాను. ఇవాళ పొద్దున ఒక మంచి మనిషి ఆ అబద్ధం మోస్తూ చచ్చిపోయాడు. ఇక నావల్ల కాదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకాయన నెమ్మదిగా టోపీ తీశాడు. తర్వాత ఎడమపక్కనుంచి ముసలావిడ గొంతొకటి లేచింది. "మేం ఇటున్నాం నాయనా! ఇటు తిరిగి చెప్పు, మాక్కూడా వినాలనుంది!"

ఆయన ఒళ్ళంతా తిప్పి అటు చూశాడు.

రైలు కదిలేలోపే మార్తా చూపించిన ఇద్దర్ని మూడో కోచ్‌లో పట్టుకున్నారు. వాళ్ళ పెట్టెలో స్ట్రోడ్ సంచీ ఉంది. ఆమె ఎవరి మనిషని ఇక ఎవరూ అడగలేదు.

కంకర మీద గీరుకుపోయిన క్విలెన్ చేతికి హాల్డేన్ తనే కట్టు కట్టాడు.

"నిజం చెప్పు క్విలెన్. ఇంత జరిగాక ఓట్లు పడతాయంటావా?"

"ఊళ్ళోవాళ్ళ సంగతి తెలీదు సార్," అన్నాడు క్విలెన్. "నేను మాత్రం మొదట్నుంచీ అవతలి పార్టీయే."