గ్లాసు నొక్కుల్లో రాగిజావ

"నా కొడుక్కు ఎవరో ఏందో తాపిర్రు. ఎవరో పట్టి చెప్పమ్మా," అంది సాలమ్మ, డిటెక్టివ్ ఆఫీసులో కుర్చీలో కూర్చోకముందే. కొడుకు ఉండే హోమ్ వాళ్లు, ఆయాలు రోజూ రాసే రికార్డును నెలనెలా చదివి వినిపించేవారట. బాగున్నాడని వింటేనే తనకు ముద్ద దిగేదట.

ఆమె కొడుకు అన్వేష్‌కి మాట రాదు, చేతులు స్వాధీనంలో ఉండవు. అలియాబాద్‌లోని దివ్యాంగుల హోమ్‌లో ఉంటాడు. గుడ్‌ఫ్రైడే నాడు నీళ్లు తాగుతూ పొలమారి, అవి ఊపిరితిత్తుల్లోకి పోయి, ఆసుపత్రిలో గొట్టాల మధ్య పడున్నాడు పాపం. డిటెక్టివ్ పద్మలత కేసు తీసుకుంది. ఆమె పట్టిన దొంగ తప్పించుకోడని అసిస్టెంట్ సుజిత్ నమ్మకం.

నీళ్లు తాపింది కొత్త ఆయా స్రవంతి. ఆ పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు. రికార్డంతా చదివాకే తాపానని ఒట్టేసింది. నిజమే, అందులో రోజూ ఒకటే ముక్క: నీళ్లు తాగిండు, మంచిగున్నడు. ఇంకేముంది, పిల్ల నిర్లక్ష్యమే అనుకున్నాడు సుజిత్. పద్మలత హోమ్ వంటగదిలో అన్వేష్ స్టీలు గ్లాసు తీసి దాని నొక్కుల్లో గోరుతో గోకింది. రాగిజావ ఎండి పేరుకుని ఉంది. మిగతావాళ్ల గ్లాసులు తళతళలాడుతున్నాయి.

సాయంత్రం అందర్నీ వరండాలో కూర్చోబెట్టి, పాత ఆయా మరియమ్మ వైపు తిరిగింది.

"ఉత్త నీళ్లయితే పొలమారుతుందని నీకు తెలుసు. అందుకే జావ కలిపి చిక్కగా తాపేదానివి. మరి రాయలేదేం?"

మొదట్లో రాసిందట. రికార్డు విని ఇంటివాళ్లు ఏమన్నారో మేనేజర్ జయరాజు ఆయాలకు చెప్పేవాడు, రాత బాగుపడుతుందని. బాగుపడింది మరి, పొలమారడమనే మాటే లేకుండా పోయింది! అసలు సంగతులు డ్యూటీ మారేటప్పుడు గేటు దగ్గర చాయ్ తాగుతూ చెప్పుకునేవారు. గుడ్‌ఫ్రైడే కాబట్టి ఆ రోజు మరియమ్మ పొద్దున్నే చర్చికి పోయింది, గేటు దగ్గర జావ సంగతి చెప్పేవాళ్లు లేరు. స్రవంతి రికార్డును నమ్మింది.

"గట్ల రాయొద్దని ఎవరన్నరు?" సాలమ్మ లేచి నిలబడింది.

జవాబు తెలిసీ పద్మలత చెప్పడానికి వెనకాడింది. ఆమెనలా చూడటం సుజిత్‌కి అదే మొదలు.

మరియమ్మే చెప్పింది. "నువ్వే అక్కా. పొలమారిందని సదివితే, నా కొడుకును మంచిగ సూస్తలేరని గుండెలు బాదుకున్నవ్. ఇగ నిన్ను ఏడిపియ్యబుద్ధి గాలె."

సాలమ్మ మళ్లీ కూర్చుంది. సుజిత్ మంచినీళ్లు తెచ్చిస్తే ఆ గ్లాసు వైపు చూసి ముఖం తిప్పుకుంది.

"ఇగ నేనెంత ఏడ్సినా రాయుండ్రి," అంది.

స్రవంతి రికార్డు పుస్తకం తెరిచింది. రాద్దామంటే అన్వేష్ ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు, ఇక్కడ మంచం ఖాళీగా ఉంది.