ఫ్రేము మింగిన అంచు

మేడ మీద ఆ ముందు గదికి చెడ్డపేరు. ఎవరు దిగినా రెండు నెలలు తిరక్కుండానే సామాను సర్దుకునేవారు. ఎందుకయ్యా అంటే ఒక్కరూ నోరు విప్పరు...

మా అక్క మొండిఘటం. కొత్తగా నర్సు ఉద్యోగం, ఆసుపత్రి నడిచే దూరం. "నా డ్యూటీలకి దెయ్యాలే భయపడాలి" అని ఒక్కతే దిగిపోయింది. అదే మనిషి ఇప్పుడు తలుపు బార్లా తెరిచి ఉంటే తప్ప పడుకోదు. ఎందుకో, నాన్న నోట విన్నది విన్నట్టు చెప్తాను.

ఆ గది గోడకి ఒక పాత రంగుల బొమ్మ ఉండేది. ఆ గదినే చూసి ఎవరో వేశారు — అదే కిటికీ, అదే గూడు. దీపం పక్కన ఒకావిడ, మనకి వీపు పెట్టి కూర్చుంది. ఒళ్లో కుట్టుపని. ఎదురుగా మూసిన తలుపు, దానికి ఆనించి ఒక కుర్చీ. ఎంత ప్రశాంతంగా ఉందో అని చూసినవాళ్లంతా మెచ్చుకునేవారట. అక్కకి మాత్రం దాని ముందు నిద్ర పట్టేది కాదు.

నాన్నది ఫ్రేములు కట్టే కొట్టు. దెయ్యాలంటే నమ్మకం లేదు, చెదలంటేనే భయం. మూల ఊడిన ఆ ఫ్రేము మారుస్తానని బొమ్మని కొట్టుకి తెచ్చాడు. రాత్రి ఎనిమిదింటికి మేకులు పీకుతూ అక్కతో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"చల్లటి బొమ్మే తల్లీ. మొగుడి కోసం ఎదురుచూస్తోంది. వస్తే కూర్చుంటాడని కుర్చీ కూడా వేసింది."

అక్క ఒప్పుకోలేదు.

"వచ్చేవాడికి కుర్చీ తలుపుకి ఆనించి వేస్తారా నాన్నా?... తలుపెలా తెరుచుకుంటుంది? ఆవిడ ఎవరి కోసమూ చూడట్లేదు. ఎవరూ రాకుండా అడ్డం పెట్టుకుంది."

నాన్న నవ్వబోయాడు. నవ్వు రాలేదు. కళ్లజోడు సర్దుకుని చూస్తే — కుర్చీ వెనక చెక్క, సరిగ్గా గడియ కింద ఇరికించి ఉంది.

ఫ్రేము ఏదైనా బొమ్మని నాలుగు వైపులా కాస్త మింగేస్తుంది. ఆ మింగిన భాగం, కట్టినవాడు తప్ప ఎవరూ చూడరు. ఆఖరి మేకు ఊడింది. చెక్క చేతిలోకి వచ్చింది. ఇన్నేళ్లూ వెలుతురు తగలని కింది అంచు, నిన్న వేసినట్టు మెరుస్తోంది —

కాలివేళ్లు. పది.

మనం నిలబడి చూసే చోటే ఉన్నాయి... ఆవిడ వీపు వైపు తిరిగి. ఆవిడ తలుపు వంక చూస్తోంది. వచ్చినవాడు గదిలోనే ఉన్నాడు.

నాన్న ఫోన్లోకి అరిచాడు. "అమ్మా... ఉన్నపళంగా ఆ గదిలోంచి బయటికి వచ్చెయ్."

"కంగారుపడకు నాన్నా," అక్క గుసగుసగా అంది. "ఇందాక మెట్ల మీద ఏదో చప్పుడైంది. గడియ పెట్టి, కుర్చీ కూడా అడ్డం వేసేశాను. ఇక ఎవరూ లోపలికి రాలేరులే."