మా మామ చెలకల తెల్లరాళ్లు

నడిగూడెం తొవ్వల మా మామ లింగయ్యకు రెండెకరాల చెలక ఉన్నది. నడుమ పాడువడ్డ బాయి. పొద్దూకిందంటే అటు దిక్కు మొగోడన్నోడు పోడు. ఎందుకంటరా... ఎండకాలం రాత్రిళ్లు ఆ బాయికాడ ఎవలో ముసల్ది దగ్గుతదట. ఖల్... ఖల్... అని. సూసినోళ్లు ఒక్కలు లేరు, ఇన్నోళ్లు మాత్రం ఊరందరు.

గసొంటి జాగను ప్లాట్లు చేసి అమ్మే పని మా మరిది ధర్మేందర్ నెత్తినేసుకున్నడు. మా మామకు మనసొప్పలే గని ఏం జేస్తడు? మా అత్త సరోజనకు మోకాళ్లు అరిగిపోయి గడప దాటుడే కష్టమైంది. ఆపరేషన్ తప్పదన్నరు దవాఖానల.

ప్లాట్ల కాయిదాలన్నీ అయినంక, శనారం నాడు మా మరిది టేపు వట్టి కొలిపిచ్చి, పన్నెండు ప్లాట్లకు ఇరవై హద్దురాళ్లు పాతిచ్చిండు. అన్నిటికి తెల్లగ సున్నం కొట్టిచ్చిండు. తెల్లారితే కోదాడ నుంచి కొనేటోళ్లు వస్తరు. రాత్రికి రాత్రి పక్క చేనోళ్లు ఒక్క రాయి జరిపినా బేరం ఖతం. అందుకని కావలికి తనే బయలెల్లిండు.

"దగ్గే ముసల్ది వస్తే ఏం జేస్తవు మరిదీ?" అన్న నేను.

"దగ్గు మందు సీసా ఇస్త వదినా," అన్నడు, పెద్ద మొగోని లెక్క.

ఇగ ఇనుండ్రి. తుమ్మచెట్టు కింద బండి ఆపి, సెవులల్ల పాటలు పెట్టుకొని కూసున్నడు. కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది... సెల్లు సచ్చిపోయింది... కీసురాయి సప్పుడు సుత లేదు.

రాళ్లు ఉన్నయా, ఎవలన్న ఎత్తుకపోయిన్రా అని లెక్కవెట్టిండు. పది... పదిహేను... ఇరవై... ఇరవై ఒకటి —

కండ్లు నులుముకొని మల్ల లెక్కవెట్టిండు. నలభై దాటినయ్. బాయి సుట్టూరా తెల్లగ రాళ్లే రాళ్లు.

అప్పుడు... ఒక రాయి దగ్గింది.

ఖల్... ఖల్...

దగ్గిన రాయి మెల్లగ లేసి నిలబడ్డది. దాని పక్కది లేసింది... దాని పక్కది... అన్నీ నడుసుకుంట మా మరిది దిక్కే వస్తున్నయ్!

"ఓ అవ్వో!" అని ఒక్కటే ఉరుకుడు. చెప్పు ఒకటి గీడ, ఒకటి గాడ. పోయి పోయి నల్ల గొంగడి కప్పుకున్న మనిషికి గుద్దుకున్నడు.

"జర మెల్లగ... నా గొర్లు బెదుర్తయ్," అన్నది గొంగడి.

గొర్లకాపరి నర్సింహ! తిరుమలగిరి దిక్కు నుంచి ఏటేటా ఎండకాలం మంద తోలుకొస్తడు. రాత్రంత గొర్లను చేన్ల పండవెడితే పెంట వడి భూమికి బలమొస్తది, ఆయనకు గింజలొస్తయ్. గొర్రె దగ్గితే అచ్చం ముసల్ది దగ్గినట్టే ఉంటది మరి.

"నిన్నెవలు పిలిసిన్రే నర్సింహన్నా?"

"ఇంకెవలు? మీ నాయినే."

అప్పుడే మా మామ నర్సింహకు బువ్వగిన్నె పట్టుకొని, టార్చిలైటు వేసుకుంట వస్తున్నడు. ఆ వెలుగుల సూస్తే, గొర్లు ఒళ్లు రాసుకొని నాలుగు రాళ్లు ఒరిగి ఉన్నయ్. మా మరిదికి భయం పోయి మంటెక్కింది.

"నీకేమన్న పిచ్చా నాయినా? తెల్లారితే అమ్ముతున్నం! ఇండ్లు కట్టే జాగకు పెంటెందుకు? మేడలు ఏపుగ మొలుస్తయనా? ఈ రాళ్లు సూసి వాళ్లు ఎనకకు పోతే అమ్మ ఆపరేషన్ గతేంది?"

మా మామ బువ్వగిన్నె నర్సింహ చేతికిచ్చిండు.

"నాకెరుక లేదారా... నలభై ఏండ్లు మనకు బువ్వ పెట్టింది. ఇయ్యాల ఇంకొకలింటికి పోతున్నది. ఆడివిల్లను ఒడిబియ్యం పొయ్యకుండ సాగనంపుతమా?"

మా మరిది వంగి, ఒరిగిన రాళ్లను ఒక్కొక్కటే నిలవెట్టి, మట్టి గట్టిగ తొక్కిండు. కండ్లు తుడుసుకున్నడట కూడ. గా ముచ్చట నాకు నర్సింహ చెప్పిండు, మా మరిది చెప్పలే.

నర్సింహ కట్టె తీసుకొని అడిగిండట, "మరి మందను తోలుకపొమ్మంటవా?" అని.

"ఉండనీ తీ," అన్నడు మా మరిది. "ఆ మూల రెండు ప్లాట్లల్ల పెంట ఇంక పడలే... జర అటు తోలు."