భుజం మీదుగా

నా భార్య నా కళ్ళలోకి చూడడం మానేసి అప్పటికి మూడు నెలలు. మాట్లాడుతుంటే ఆమె చూపు నా భుజం మీదుగా వెనక్కి పోయేది. అన్నం వడ్డిస్తూ అలాగే చూసేది, తర్వాత పక్కకు తిరిగి ఫోన్‌లో టకటకా ఏదో కొట్టేది. నేను దగ్గరికి వెళ్తే స్క్రీన్ ఆపేసేది.

"ఎవరు?"

"ఎవరూ లేరండీ."

ఫోన్లు బాగుచేయడం నా పని. పదకొండేళ్లలో ఒక్క కస్టమర్ మెసేజీ కూడా చదవలేదు, అదే నా గొప్ప. కానీ అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. అది ముందు నా నిద్రను తినేసింది, తర్వాత బుద్ధిని. ఆమె ఏం చేసినా తప్పుగానే కనిపించేది. మంచం గోడకు జరిపి నన్ను లోపలి వైపు పడుకోమంది. ఒకరోజు షాపుకొచ్చి నా స్టూలును కూడా గోడకు ఆనించి వెళ్లింది. గాలి బాగా తగులుతుందట!

ఆ రోజు పొద్దున ఆమె ఫోన్ మెట్ల మీద పడి డిస్‌ప్లే పగిలింది. వేరే షాపులో ఇస్తానంది. డాక్టరు భార్య ఇంకో డాక్టరు దగ్గరికి పోతానంటే ఎవరికైనా ఒళ్ళు మండదా? లాక్కుని వచ్చేశాను.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. షట్టర్ సగం దించాను. వీధిలోంచి ఎవరికీ స్క్రీన్ కనబడకూడదని స్టూలు ఇవతలికి లాగి, గోడకు ముఖం పెట్టి కూర్చున్నాను. నా వీపు ఖాళీ షాపు వైపు ఉంది. కొత్త డిస్‌ప్లే కేబుల్ తగిలించాను. లాక్ ఎలా తీయాలో ఆమె వేలు కదిలే తీరు చూసి ఎప్పుడో పట్టేశాను.

దాచిన చాట్ ఒక్కటే ఉంది. పేరు లేదు, చుక్క పెట్టి ఉంది. నంబర్ చూశాను.

మా అమ్మ నంబరు.

పకపకా నవ్వేశాను. ఇంట్లో ఉప్పూ నిప్పూలా ఉండే అత్తాకోడళ్లు చాటుగా నా మీద చాడీలు చెప్పుకుంటున్నారన్నమాట! గుండెల మీంచి బండ దిగింది. ఆ సంతోషంలోనే చదవడం మొదలుపెట్టాను.

"ఉందా?" అని అమ్మ అడిగింది.

"ఉంది అత్తయ్యా. ఆయన తింటుంటే కుర్చీ వెనకాల నిలబడింది."

"వాడికి తెలిసిందా?"

"లేదు."

"తెలియనంతకాలం ఏమీ చెయ్యదు. వీపు గోడకు ఉండేట్టు చూడు. మీ మావయ్య ఇలాగే అనుమానపడి, మా అక్కకు నేను రాసిన ఉత్తరం చదివారు. ఆ తర్వాత నాలుగేళ్లు ఈ ఇంట్లో తిరిగింది ఆయన కాదు."

నాన్న చివరి నాలుగేళ్లూ అమ్మ వంటింట్లో గడియ పెట్టుకుని పడుకోవడం నాకు గుర్తే.

చివరి మెసేజీలు ఆ పొద్దుటివి.

"చెప్పేయాలనిపిస్తోంది అత్తయ్యా. ఆయన నన్ను దొంగలా చూస్తున్నారు."

"ఓర్చుకో తల్లీ. వాడు మనకు మిగలాలి కదా."

సిగ్గుతో చచ్చిపోయాను. సిగ్గు వెనకాలే భయం వచ్చింది.

వాన తగ్గలేదు... చప్పుడే తగ్గింది. షాపులో ఎప్పుడూ ఉండే సోల్డరింగ్ వాసనలో ఇంకోటి కలిసింది... నాని మురిగిన బట్టల వాసన. మెడ వెనక చల్లగా తగిలింది. నేను కదల్లేదు.

స్క్రీన్ మీద అక్షరాలు పడుతున్నాయి. నా వేళ్ళు బల్ల మీద ఉన్నాయి.

"చదివేశాడు."

డిస్‌ప్లే సరిగ్గా కూర్చోకపోతే ఫోన్ తనంతట తానే ఏదో ఒకటి కొడుతుంది. మామూలే... మామూలే అనుకున్నాను. మెసేజ్ అమ్మకు వెళ్లిపోయింది. కేబుల్ పీకేశాను.

నా ఫోన్ మోగింది. అమ్మ నంబరు, నా భార్య గొంతు. గుసగుసలాడుతోంది.

"ఏవండీ... చదివారా?"

"తప్పు చేశాను."

"ఎటు కూర్చున్నారు?"

"గోడకు ముఖం పెట్టి..."

ఆమె ఏడుపు వినిపించింది. "వెనక్కి తిరగకండి... మీకు దండం పెడతాను..."

లైన్ తెగిపోయింది.

ఎంతసేపు అలా ఉండను? తిరిగాను.

ఎవరూ లేరు. సగం దించిన షట్టరు, దాని కింద వాన నీళ్ళు. అంతే.

ఇది జరిగి పదిరోజులు. నా భార్య ఇప్పుడు నా భుజం మీదుగా చూడడం లేదు. సూటిగా నా కళ్ళలోకే చూస్తోంది. నేను కోరుకున్నదీ అదే. రెప్ప వేయకుండా, లోపల ఎవరినో వెతుకుతున్నట్టు చూస్తుంది.

"వెనక ఉందా?" అని అడిగాను.

"లేదు," అంది. రాత్రి అత్తాకోడళ్లిద్దరూ వంటింట్లోకి వెళ్లి గడియ పెట్టుకున్నారు.

నా ఫోనే కాస్త ఇబ్బంది పెట్టింది. ముఖం చూపిస్తే తెరుచుకునేది, మొరాయించింది. కెమెరా మార్చినా లాభం లేకపోయింది. పాతది చెరిపేసి నా ముఖాన్ని మళ్ళీ కొత్తగా ఎక్కించాను, ఇప్పుడు బాగానే తెరుచుకుంటోంది.

నిన్న గోడ మీద నాన్న చివరి రోజుల ఫొటో తుడుస్తున్నాను. ఫోన్ దాని వైపు తిరిగి ఉంది. తెరుచుకుంది.